రాగం తీసేస్తే మాట మిగలాలి

మీ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ఇలాంటి అమ్మాయి తప్పకుండా ఉంటుంది. ఇంగ్లిష్ పాట పెట్టగానే ముందు వరసలోకి వచ్చేస్తుంది. పల్లవి నుంచి చివరి చరణం దాకా ఒక్క మాట పొల్లుపోకుండా పాడేస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. అప్పుడు మీరు దగ్గరికెళ్లి, ఆ పాటలో వచ్చినంత చిన్న మాటలతోనే, "వాట్ డు యూ వాంట్?" అని అడగండి. తల వంచుకుంటుంది. పక్కనున్న స్నేహితురాలి వైపు చూస్తుంది. ఇంతసేపూ పాడింది ఆ గొంతే కదా, ఇప్పుడు నోరెందుకు పెగల్లేదు?

అందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. పాట మొత్తం రాగంతో కలిసి ఒకే ముద్దగా ఆమెకు కంఠతా వచ్చింది. ఆ ముద్దలోంచి ఒక్క వాక్యాన్ని విడదీసి ఎదుటి మనిషితో ఎలా అనాలో ఆమెకు ఎవరూ చూపించలేదు. చాలా క్లాసుల్లో పాట అయిపోగానే పుస్తకం తెరుస్తారు. నిజానికి అసలు పాఠం అప్పుడే మొదలవ్వాలి. పాట వినడానికి మూడు నాలుగు నిమిషాలు చాలు. దాన్ని మాటగా మార్చడానికి ఇంకో అరగంట కావాలి. ఈ అధ్యాయం ఆ అరగంట గురించే.

మీరు ప్రభుత్వ పాఠశాలలో టీచరు కావచ్చు. అమీర్‌పేటలోనో విజయవాడలోనో కోచింగ్ సెంటరు నడుపుతూ ఉండవచ్చు. సాయంత్రం పూట మీ వీధిలో పదిమందికి ఉచితంగా చెబుతూ ఉండవచ్చు. మీకు సంగీతం రాకపోయినా ఇబ్బంది లేదు. చప్పట్లు కొట్టడం వస్తే చాలు.

అసలు పాటే ఎందుకు?

రెండు కారణాలున్నాయి. మొదటిది బిడియం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒంటరిగా ఇంగ్లిష్ మాట్లాడాలంటే భయపడతారు. పదిమందితో గొంతు కలిపినప్పుడు ఎవరి తప్పు ఎవరికీ వినపడదు, అందుకే నోరు తెరుస్తారు. ఇది చాలామంది టీచర్లకు తెలిసిందే.

రెండోదాన్ని అంతగా పట్టించుకోరు. అది లయ. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వంతు కాలం దానికి ఇస్తాం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అని లెక్క కట్టి పద్యం రాసుకున్న భాష మనది. ఇంగ్లిష్ నడక వేరు. అక్కడ ముఖ్యమైన మాటలు గట్టిగా, ఇంచుమించు సమానమైన ఎడంలో పడతాయి. మిగిలినవి ఆ మధ్యలో నలిగి, కుదించుకుపోతాయి. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చేతులతో చేసి చూడండి.

"కిడ్స్ డ్రింక్ మిల్క్." ఒక్కో మాటకు ఒక చప్పట. మూడు చప్పట్లు.

"ద కిడ్స్ ఆర్ డ్రింకింగ్ ద మిల్క్." వేగం తగ్గించకండి. కిడ్స్, డ్రింక్, మిల్క్ దగ్గరే చప్పట కొట్టండి. ఇప్పుడూ మూడే.

"ద కిడ్స్ హావ్ బీన్ డ్రింకింగ్ ద మిల్క్." మళ్లీ మూడే!

వాక్యం రెట్టింపు కంటే పెరిగింది, చప్పట్లు మాత్రం పెరగలేదు. "హావ్ బీన్" అనే రెండు మాటలూ సందులో ఇరుక్కుని "హవ్‌బిన్" అయిపోయాయి. మన విద్యార్థి ఈ వాక్యాన్ని ప్రతి మాటనూ సమానంగా ఒత్తి పలుకుతాడు. వ్యాకరణం ఒప్పే, పదాలూ ఒప్పే, అయినా ఫోన్‌లో అవతలివాళ్లు "సారీ?" అని మళ్లీ అడుగుతారు. అతను తన ఇంగ్లిషే తప్పనుకుని కుంగిపోతాడు. ఈ లయను నియమాలు చెప్పి నేర్పడం చాలా కష్టం. పాట మాత్రం అడక్కుండానే నేర్పుతుంది. పాటతో పాటు పాడాలంటే చిన్న మాటల్ని నలిపేయక తప్పదు మరి.

సరే, పనిలోకి దిగుదాం.

1. పాట ఎంచుకునేటప్పుడు మీ ఇష్టాన్ని పక్కన పెట్టండి

మీరు కాలేజీ రోజుల్లో పడి చచ్చిన పాట వాళ్లకు పనికిరాకపోవచ్చు. ఏ పాటనైనా మూడు ప్రశ్నలతో పరీక్షించండి. సాహిత్యం కాగితం చూడకుండా వింటే సగం మాటలైనా తెలుస్తున్నాయా? పల్లవి మళ్లీ మళ్లీ వస్తోందా? రైతుబజార్లోనో ఆసుపత్రిలోనో ఆఫీసులోనో ఉన్నదున్నట్టు అనగలిగే వాక్యాలు కనీసం మూడు అందులో ఉన్నాయా? మూడో ప్రశ్ననే అందరూ మరిచిపోతారు. కవిత్వం ఎంత గొప్పదైనా, వెన్నెల గురించీ విరిగిన మనసు గురించీ ఉన్న వాక్యాలతో బ్యాంకులో పని జరగదు.

నా దృష్టిలో మొదటి నెలకు కార్పెంటర్స్ బృందాన్ని మించినవాళ్లు లేరు. కరెన్ కార్పెంటర్ గొంతు నింపాదిగా, లోతుగా ఉంటుంది. మాట చివరి హల్లు దాకా స్పష్టంగా వినిపిస్తుంది. 1973లో వాళ్లు పాడిన "సింగ్" వినండి. జో రపోసో దాన్ని మొదట రాసింది సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమం కోసం. అందుకే మాటలన్నీ చిన్నవి. అయినా పెద్దవాళ్లు పాడుకోవడానికి నామోషీగా ఉండదు. బీటిల్స్ 1967లో తెచ్చిన "హలో, గుడ్‌బై" కూడా మంచిదే. వ్యతిరేక పదాలే ఆ పాటకు ఆయువుపట్టు.

మన క్లాసులకు ఇంకా దగ్గరి పాట ఒకటుంది. "క్యూ సెరా సెరా". 1956లో హిచ్‌కాక్ తీసిన "ద మ్యాన్ హూ న్యూ టూ మచ్" సినిమాలో డోరిస్ డే పాడింది. ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. 1965లో వచ్చిన మన "తోడు నీడ" సినిమాలో భానుమతి గారు అదే పాట పాడారు. ముందు భానుమతి గారిది వినిపించండి, తర్వాత డోరిస్ డేది. మన తెలుగు గొంతు అంత ధీమాగా ఇంగ్లిష్ పాడటం విన్నాక, వెనక బెంచీలో ముడుచుకు కూర్చున్న మనిషిలో కూడా కదలిక వస్తుంది. పాట పేరు ఇంగ్లిష్ కాదని, దాని అర్థం పాటలోనే తర్వాత వస్తుందని ముందే చెప్పండి. లేకపోతే మొదటి మాట దగ్గరే ఆగిపోతారు. పిల్ల తన భవిష్యత్తు గురించి తల్లిని అడగడం, తల్లి జవాబు చెప్పడం, ఆ పిల్ల పెద్దదయ్యాక తన పిల్లలు మళ్లీ అదే అడగడం, పాటంతా ఇదే. "విల్" వాడకం నేర్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

"వి షల్ ఓవర్‌కమ్" చాలామంది బడిలో పాడే ఉంటారు. మొదటి రోజు బిడియం పోగొట్టడానికి బాగా పనికొస్తుంది. కానీ అది సాగదీసి పాడే పాట. మాట్లాడే ఇంగ్లిష్ లయ అందులో దొరకదు. మొదటి రోజుకే ఉంచుకోండి.

రెండో నెలలో సుజాన్ వేగా పాడిన "టామ్స్ డైనర్" పెట్టవచ్చు. 1987లో వచ్చిన ఆమె ఆల్బమ్‌లో ఈ పాటకు వాయిద్యాలే లేవు, ఒట్టి గొంతు. ఒక హోటల్లో కూర్చున్న అమ్మాయి తన చుట్టూ జరుగుతున్నవి జరుగుతున్నట్టే చెబుతుంది. ఇప్పుడు జరుగుతున్న పని గురించి చెప్పడం నేర్పాలంటే దీన్ని వదలకండి. పాట అయ్యాక విద్యార్థుల్ని వాళ్ల ఊరి బస్టాండుకు ఊహలో తీసుకెళ్లండి. "ద కండక్టర్ ఈజ్ షౌటింగ్. టూ గర్ల్స్ ఆర్ ఈటింగ్ గ్వావాస్. మై బస్ ఈజ్ నాట్ కమింగ్." ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం కలుపుతూ పోతారు.

ర్యాప్ పాటలు మొదట్లో వద్దు. అలాగే పాటల్లో వ్యాకరణం అన్నిసార్లూ మనం పరీక్షల్లో రాసేలా ఉండదు. రోలింగ్ స్టోన్స్ 1965లో పాడిన అతి ప్రసిద్ధ గీతం పేరులోనే కాదనే మాటలు రెండున్నాయి. అక్కడ అది అందం. ఇంటర్వ్యూలో అంటే ఉద్యోగం పోతుంది. మీరు ఎంచుకున్న పాటలో అలాంటివి ఉంటే ముందే చెప్పండి, "ఇది పాటకే, నోటికి కాదు" అని.

2. మనిషిని బట్టి పాట

నలభై ఏళ్ల గృహిణికి "ట్వింకిల్ ట్వింకిల్" నేర్పితే ఆమెను చిన్నబుచ్చినట్టే. మరుసటి రోజు క్లాసుకు రాదు, కారణమూ చెప్పదు. అదే పాటను, కొడుకు డాలస్‌లో ఉన్న ఒక నాయనమ్మకు నేర్పి చూడండి. వీడియో కాల్‌లో మనవరాలు ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడుతుంటే ఆవిడ "బాగున్నావా బంగారం" అని ఆగిపోతోంది. ఆ పిల్లకు వచ్చిన పాట ఈవిడకూ వస్తే ఇద్దరికీ కలిపి చేయడానికి ఒక పని దొరికినట్టే. తల, భుజాలు, మోకాళ్లు చూపించే పిల్లల పాట ఒకటి నేర్పండి. తర్వాత "షో మి యువర్ నోస్", "వేర్ ఈజ్ యువర్ టెడ్డీ?" నేర్పండి. ఆవిడకు అవసరమైన ఇంగ్లిష్ అదే. కాబట్టి పాట చిన్నపిల్లలదా పెద్దవాళ్లదా అని చూడకండి. ఈ మనిషి ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో ముందు అడగండి.

3. కాగితం చివర్లో ఇవ్వండి

పాట మొదలవ్వకముందే సాహిత్యం ప్రింట్ తీసి పంచేస్తున్నారా? ఆపండి. కాగితం చేతికి రాగానే చెవులు పనిచేయడం మానేస్తాయి. కళ్లు అక్షరాల వెంట పరిగెడతాయి, ఆ అక్షరాలను మన తెలుగు పద్ధతిలో పలకడం మొదలవుతుంది.

మొదటిసారి ఊరికే వినమనండి. పాడుతున్నది ఎవరు, సంతోషంగా ఉందా, దిగులుగా ఉందా, అంతే అడగండి. తెలుగులో జవాబు చెప్పినా ఒప్పుకోండి. రెండోసారి విన్నాక ఏ మాటలు పట్టుకున్నారో చెప్పమనండి, బోర్డు మీద రాయండి. ఒకరికి "మదర్" దొరుకుతుంది, ఇంకొకరికి "టుమారో". ముక్కలు ముక్కలుగా పాట బోర్డు మీదికి వస్తుంది. మూడోసారికి సగం ఖాళీలున్న కాగితం ఇచ్చి పూరించమనండి. పాట వేగంగా ఉంటే యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.75కు తగ్గించండి. ఇంకా తగ్గిస్తే గొంతు సాగిపోయి వింతగా ఉంటుంది.

ప్రతి పంక్తికీ తెలుగు అర్థం చెప్పుకుంటూ పోకండి. మొత్తం మీద పాట దేని గురించో రెండు వాక్యాల్లో చెప్పి వదిలేయండి.

4. సంధి చేయించండి

ఇంగ్లిష్ వాళ్లు మాటలు మింగేస్తారని మన విద్యార్థుల ఫిర్యాదు. మింగరు, కలుపుతారు. తెలుగులో మనం చేసేదీ అదే కదా! "ఏమి అంటివి" అని ఎవరంటారు, "ఏమంటివి" అంటాం. "గెట్ అప్" వాళ్ల నోట "గెటప్". "టర్న్ ఇట్ ఆఫ్" అంటే "టర్నిటాఫ్". "కప్ ఆఫ్ టీ" అంటే "కపవ్ టీ". ఈ పోలిక చెప్పగానే క్లాసులో మొహాలు విప్పారతాయి, ఎందుకంటే సంధి వాళ్లకు పదో తరగతి నుంచీ తెలిసిన విషయం.

ఇక్కడే మన నాలుకకున్న ఒక అలవాటును సరిచేయవచ్చు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకని బుక్ మనకు బుక్కు అవుతుంది, బస్ బస్సవుతుంది, కప్ కప్పవుతుంది. "ఉ తీసెయ్యి, ఉ తీసెయ్యి" అని ఎంత చెప్పినా పోదు. పాటలో ఆ ఉకారానికి చోటే ఉండదు. పెడితే లయ తప్పుతుంది, తప్పినట్టు పాడేవాళ్లకే తెలిసిపోతుంది. పొడవాటి పంక్తి నోరు తిరగకపోతే వెనక నుంచి పట్టించండి. "టీ." "అవ్ టీ." "కపవ్ టీ." "ఎ కపవ్ టీ." "ఐ వాంట్ ఎ కపవ్ టీ." ముందు నుంచి పట్టిస్తే చివరికొచ్చేసరికి ఊపిరీ ధైర్యమూ రెండూ అయిపోతాయి. వెనక నుంచి వస్తే ప్రతిసారీ తెలిసిన చోటికే చేరతారు.

5. ఇక రాగం తీసేయండి

ఈ అధ్యాయంలో ఒక్క సూచనే గుర్తుపెట్టుకోగలనంటే, దీన్నే పెట్టుకోండి.

పాటలోంచి రెండు లేదా మూడు వాక్యాలు మాత్రమే తీసుకోండి. "ఐ డోంట్ నో" అనే మాట ఉందనుకుందాం, ఎన్నో పాటల్లో ఉంటుంది. ముందు దాన్ని పాటలో ఉన్నట్టే రాగంతో పాడించండి. తర్వాత పెదవులు మూసి ఆ లయను మాత్రమే హమ్ చేయించండి, ఎక్కడ గట్టిగా పడుతోందో చేత్తో బల్ల మీద కొట్టించండి. మూడోసారి రాగం లేకుండా, చప్పట్లతో, అందరూ ఒకే గొంతుగా అనాలి. నాలుగోసారి చప్పట్లూ తీసేసి, పక్కవాళ్ల చెవిలో రహస్యం చెప్పినట్టు అనమనండి. ఇక్కడ గొంతు సహజంగా మాటలోకి దిగుతుంది. రహస్యాన్ని పాడుతూ ఎవరూ చెప్పరు.

ఇప్పుడు సందర్భం ఇవ్వండి. ఇంట్లో గ్లాసు పగిలింది, "హూ బ్రోక్ ద గ్లాస్?" అని అమ్మ అడిగింది. తప్పించుకుంటూ "ఐ డోంట్ నో" అనాలి. రోడ్డు మీద ముసలాయన దారి అడిగారు, నిజంగానే తెలియదు, మర్యాదగా "సారీ, ఐ డోంట్ నో" అనాలి. ఒకే ప్రశ్న పదోసారి అడుగుతున్న తమ్ముడికి విసుగ్గా చెప్పాలి. అవే మూడు మాటలు మూడు రకాలుగా పలుకుతాయి. పాటలో వాక్యానికి ఒకే రాగం ఉంటుంది. మాటలో మనసును బట్టి మారుతుంది. ప్రశ్న ప్రశ్నలా వినిపించడం కూడా ఇక్కడే నేర్పాలి, ఎందుకంటే పాటలో ప్రశ్న చివర గొంతు రాగం ఎటు లాగితే అటు పోతుంది.

ఆఖరున వాక్యాన్ని పొడిగించండి. "ఐ డోంట్ నో ద వే." "ఐ డోంట్ నో హిజ్ నంబర్." "ఐ డోంట్ నో హౌ టు ఫిల్ దిస్ ఫామ్." మూడో వాక్యాన్ని బోర్డు మీద రాసి ఉంచండి. బ్యాంకులోనో పాస్‌పోర్ట్ ఆఫీసులోనో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

వాక్యం చెప్పే ముందు కొందరు లోలోపల రాగం తీసుకుని గుర్తు తెచ్చుకుంటారు. పెదవులు కదులుతుంటే మీకే తెలుస్తుంది. మొదటి రోజు పరవాలేదు. నాలుగైదు రోజులకూ అలాగే ఉంటే వాక్యాలు తగ్గించండి, సందర్భాలు పెంచండి.

ఇదంతా ఒక మనిషి జీవితంలో ఎలా కలుస్తుందో చూడండి. "క్యూ సెరా సెరా" నేర్చుకున్నవాళ్లలో టైలరింగ్ షాపు నడిపే ఒక అక్క ఉందనుకోండి. ఆమె షాపుకు దగ్గర్లో ఒక పెద్ద అపార్ట్‌మెంటు కట్టారు, ఉత్తరాది వాళ్లు వస్తున్నారు. పాటలోంచి మీరు తీసిన "విల్"ను ఆమెకు ఇలా ఇవ్వండి.

"వెన్ విల్ యూ గివ్ మై బ్లౌజ్?"

"ఐ విల్ గివ్ ఇట్ ఆన్ ఫ్రైడే."

"విల్ ఇట్ బి రెడీ బై ఫోర్?"

"నో మేడమ్, బై సిక్స్."

నాలుగు వాక్యాలే. పక్కనున్నవాళ్లు కస్టమరుగా నటిస్తారు. ఒకరు తొందరపెడతారు, ఇంకొకరు గీచి గీచి బేరమాడతారు. "అక్కా, ఆ మేడమ్ గురువారమే కావాలంటే ఏం చెప్తావ్?" అని ఎవరో అడుగుతారు. ఆమె ఆలోచించి, "థర్స్‌డే ఐ విల్ ట్రై" అంటుంది. ఆ వాక్యం పాటలో లేదు, మీరూ నేర్పలేదు. ఆమే కట్టుకుంది. ఆ క్షణాన్ని గమనించండి, క్లాసు ఆపి మరీ మెచ్చుకోండి. థర్స్‌డే ముందు రావాలా వెనక రావాలా అన్నది రేపు చూసుకోవచ్చు.

6. పాట దొరక్కపోతే చాంట్ మీరే కట్టండి

కరోలిన్ గ్రాహమ్ అనే ఆవిడ న్యూయార్క్ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకు ఇంగ్లిష్ నేర్పేవారు. ఆమె సంగీతకారిణి కూడా. అమెరికన్లు మామూలుగా మాట్లాడే ఇంగ్లిష్‌కూ జాజ్ దరువుకూ ఉన్న పొత్తును పట్టుకుని, "జాజ్ చాంట్స్" అనే పుస్తకం తెచ్చారు. 1978లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఇవి పాటలు కావు. లయబద్ధంగా అనే ప్రశ్నలూ జవాబులూ. రాగం లేదు కాబట్టి తీసేయాల్సిన పనీ లేదు, నేరుగా మాటలోకి దిగవచ్చు. పాటల కన్నా చాంట్లకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకరు పాడితే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా వంతలుంటారు. వాళ్లు తందాన అని ఊరుకోరు, మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తారు. మీ క్లాసులో ఆ వంత పని విద్యార్థులకివ్వండి. మన క్లాసుల్లో ఎప్పుడూ టీచరే అడుగుతారు, విద్యార్థి జవాబు చెబుతారు. అందుకే ప్రశ్న వేయడం ఎవరికీ రాదు. డాక్టరు దగ్గరికి వెళ్లిన సందర్భానికి ఒక చాంట్ ఇది:

వాట్స్ ద ప్రాబ్లమ్? — ఐ హావ్ ఎ ఫీవర్.
సిన్స్ వెన్? — సిన్స్ మండే.
ఎనీ కాఫ్? — ఎ లిటిల్ కాఫ్.
టేక్ దిస్ టాబ్లెట్. — హౌ మెనీ టైమ్స్?
ట్వైస్ ఎ డే. — థాంక్యూ, డాక్టర్.

కుడి సగం డాక్టర్లు, ఎడమ సగం రోగులు. రెండుసార్లయ్యాక తారుమారు చేయండి. తర్వాత జ్వరం తీసి తలనొప్పి పెట్టండి, సోమవారం తీసి నిన్న పెట్టండి. రేషన్ షాపు, బస్సు టికెట్టు, అద్దె ఇల్లు, కొరియర్ ఫోను, దేనికైనా ఇలా ఐదు జతలు కట్టవచ్చు. ఒక హెచ్చరిక: వాటిని తెలుగు జానపదాల బాణీల్లో ఇరికించకండి. పాడటానికి సరదాగానే ఉంటుంది. కానీ మన బాణీ మన భాష నడకకు పుట్టింది. అందులో పెడితే "ద"కూ "ఆఫ్"కూ కూడా పెద్దపీట వేసి పలకాల్సి వస్తుంది. అప్పుడు ఏ అలవాటు మాన్పించాలనుకున్నామో అదే ముదురుతుంది. కోలాటం దరువు తీసుకోండి, బాణీ వదిలేయండి.

7. గుంపులోంచి ఒక్కొక్కరినీ బయటికి తీయండి

బిడియం పోగొట్టే గుంపే దాక్కోవడానికీ చోటిస్తుంది. ముప్పై మంది పాడుతున్నప్పుడు పెదవులు మాత్రమే కదిపేవాళ్లు కొందరుంటారు. మొదట అందరూ, తర్వాత సగం సగం, తర్వాత నలుగురు, తర్వాత ఇద్దరు, ఆఖరున ఒక్కరు. ఏ క్లాసులోనైనా ఆ ఒక్కరి దగ్గరికి చేరాల్సిందే. కానీ ఒంటరిగా పాడమనకండి, అడిగితే నవ్వుతారనే భయం మళ్లీ వస్తుంది. ఒంటరిగా మాట్లాడమనండి, అదీ పక్కవాళ్లకు జవాబుగా. గొంతు బాగాలేనివాళ్లకు ఇదెంత ఊరటో మీకు మొహంలోనే తెలుస్తుంది.

మధ్యలో ఆపి ఉచ్చారణ దిద్దకండి. పాట సాగుతుంటే సాగనివ్వండి. విన్న తప్పుల్లో ఒకటి రెండు మాత్రం రాసుకుని, ఎవరి పేరూ ఎత్తకుండా చివర్లో అందరితో కలిపి సరిచేయించండి.

8. వారానికి ఒక్క పాట

రోజుకో పాట పెడితే సందడి బాగుంటుంది, నోటికి ఏమీ అంటదు. నెలంతా ఒకే పాటయితే విసుగు. సోమ, మంగళ వారాల్లో వినడం, లయ, సంధి. బుధవారం రాగం తీసేయడం. గురు, శుక్రవారాల్లో పూర్తిగా మాటలు, నటన. ఆ రెండు రోజులూ పాట అసలు పెట్టకండి. శనివారం వాళ్లు అడిగితే ఒకసారి సరదాగా పెట్టండి. కరెంటు పోయినా స్పీకరు మొరాయించినా క్లాసు ఆగదు, చాంట్లకు చప్పట్లు చాలు.

9. నెలకోసారి గొంతు రికార్డు చేయండి

మొదటి రోజే ఒక్కొక్కరి చేత అర నిమిషం మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. పేరు, ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఈ రోజు ఏం చేశారు, అంతే. ఎవరికీ వినిపించకండి. నెల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగి రికార్డు చేసి, రెండూ వరసగా ఆ మనిషికి మాత్రమే వినిపించండి. "ముందుకంటే బాగా మాట్లాడుతున్నారు" అని మీరు ఎన్నిసార్లు చెప్పినా నమ్మనివాళ్లు తమ గొంతు విని నమ్ముతారు.

మీరు మాత్రం ఆ రెండింటినీ ఇంటి దగ్గర తీరిగ్గా వినండి. చిన్న మాటలు నలుగుతున్నాయా, ఇంకా అన్నిటినీ సమానంగానే ఒత్తుతున్నారా? మాట చివర ఉకారం తగ్గిందా? ప్రశ్న అడగ్గానే జవాబు మొదలవుతోందా, లేక మధ్యలో నిశ్శబ్దం అంతే ఉందా? చిన్న మాటలు నలగకపోతే వచ్చే నెల వేగం కాస్త ఎక్కువున్న పాట తీసుకోండి. ఉకారం పోకపోతే, పంక్తుల చివర హల్లులు గట్టిగా వినిపించే పాట వెతకండి. నిశ్శబ్దం తగ్గకపోతే మాత్రం రెండు వారాలు పాటలు ఆపేసి, చాంట్లతో జతలు జతలుగా ప్రశ్నలూ జవాబులూ చేయించండి.